మారుపేరు మోసేవాళ్లు



ఢిల్లీలో ఆర్.కె. పురం అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి ప్రభుత్వ క్వార్టర్లు, గుట్ట మీది మలై మందిర్, సంగం సినిమా హాలు. కేంద్ర ప్రభుత్వ కొలువులకని ఢిల్లీ చేరిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఈ సెక్టార్లలో కాపురాలు చేశాయి, పిల్లల్ని చదివించుకున్నాయి. ఈ పూట నా మాట మాత్రం సెక్టార్ ఒకటిలో ఈస్ట్ బ్లాక్ పేరుతో వరసగా ఉన్న ఆఫీసు భవనాల దగ్గర మొదలవుతుంది.

ఎనిమిదో నంబరు బ్లాకులో విదేశీయుల నమోదు కార్యాలయం ఉంది. మన దేశంలో ఎక్కువకాలం ఉండదలచిన పరదేశి తన పేరు, దేశం, వచ్చిన పని, దిగిన ఇల్లు చెప్పుకోవలసింది అక్కడ. ఇప్పుడు చాలా పని ఆన్‌లైన్‌లో జరుగుతోంది కానీ, ఒకప్పుడు పాస్‌పోర్టులు, జిరాక్సు కాగితాల కట్టలు పట్టుకుని అక్కడ బారులు తీరేవాళ్లు. ఏడో నంబరు బ్లాకులో జాతీయ నేర రికార్డుల బ్యూరో చాలా ఏళ్లు నడిచింది. కేంద్ర వేలిముద్రల బ్యూరో దాని కిందిదే. ఐదో నంబరు బ్లాకు చిరునామాతో ఏవియేషన్ రిసెర్చ్ సెంటర్ ఉద్యోగ ప్రకటనలు పత్రికల్లో పడేవి. 1962లో చైనా యుద్ధం దెబ్బ తిన్నాక, ఆకాశం నుంచి నిఘా పెట్టడానికి పుట్టిన సంస్థ అది. కేబినెట్ సెక్రటేరియట్ కింద పనిచేసింది. ఇక రింగ్ రోడ్డు వైపు భికాజీ కామా ప్లేస్‌లో ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం. కాస్త అవతలికి పోతే దేశదేశాల రాయబార కార్యాలయాలున్న చాణక్యపురి.

మనిషికి పేరు రాసిచ్చే ఆఫీసు, ఆ పేరు నిజమో కాదో చూసే ఆఫీసు, తన మనుషుల పేర్లు బయటపెట్టని ఆఫీసు, మూడూ ఒకే పేటలో ఉండేవన్నమాట. పరాయి దేశంలో పరాయి పేరుతో బతికే గూఢచారి గురించి మాట్లాడటానికి ఇంతకంటే తగిన చోటు నాకు తోచలేదు. ఈ క్వార్టర్లలో పెరిగిన పిల్లల్ని అడిగి చూడండి. మీ నాన్నగారు ఎక్కడ చేస్తారంటే కొందరు "కేబినెట్ సెక్రటేరియట్" అనేసి ఊరుకుంటారు. ఏ శాఖ, ఏ సెక్షను అని మనం అడగం, వాళ్లు చెప్పరు. దేశం దాటకుండానే ఇంటిల్లిపాదీ పాటించే మౌనం అది. దేశం దాటి వెళ్లినవాడి సంగతి ఇక వేరే చెప్పాలా?

మన తరానికి గూఢచారి అంటే మధుబాబు గారి షాడో. అద్దె పుస్తకాల షాపులో ఆ నవలల కోసం పేరు రాయించుకుని ఎదురుచూసిన రోజులు మీలో చాలామందికి ఉండే ఉంటాయి. అంతకుముందు 1966లోనే కృష్ణ గారు 'గూఢచారి 116'గా తెర మీదికొచ్చారు. ఆ కథలంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. కాకపోతే వాటిలో మారువేషం వేయడానికి ఒక పేజీ పడుతుంది, తీసేయడానికి ఒక పేరా చాలు. నిజంలో ఆ వేషం వేసుకోవడానికి ఏళ్లు పడుతుంది. తీసేయడం ఒక్కోసారి ఎప్పటికీ కుదరదు.

మొదట ఒక తేడా చెప్పుకోవాలి. పరాయి దేశంలో పనిచేసే గూఢచారుల్లో చాలామంది రాయబార కార్యాలయంలో ఏదో ఒక హోదాతో ఉంటారు. వాళ్ల పేరు సొంతపేరే, ఉద్యోగం ఒక్కటే పైపూత. పట్టుబడితే 1961 నాటి వియన్నా ఒప్పందం కాస్తుంది. నువ్వు మాకు అక్కర్లేదు పొమ్మంటారు, విమానమెక్కి ఇంటికి వచ్చేస్తారు. రెండో రకం వాళ్లకు ఆ రక్ష లేదు. వాళ్లు ఆ దేశపు పౌరుడిగానో, మూడో దేశం వాడిగానో, వ్యాపారిగానో, విద్యార్థిగానో ఉంటారు. వాళ్ల పేరు అబద్ధం, పుట్టిన ఊరు అబద్ధం, తల్లిదండ్రులు అబద్ధం. నేను చెప్పేది వీళ్ల గురించే.

ఆ అబద్ధాన్ని ఎలా కడతారో లోకం కళ్లారా చూసిన సందర్భం ఒకటుంది. 2022 ఏప్రిల్‌లో ఒక యువకుడు హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో ఇంటర్న్‌గా చేరడానికి నెదర్లాండ్స్ వచ్చాడు. పాస్‌పోర్టు ప్రకారం అతను విక్టర్ ముల్లర్ ఫెరీరా, బ్రెజిల్ దేశస్థుడు. డబ్లిన్‌లో చదివాడు, వాషింగ్టన్‌లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో చదివాడు. అతని అసలు పేరు సెర్గేయ్ చెర్కసోవ్ అనీ, రష్యా సైనిక గూఢచార సంస్థ మనిషి అనీ డచ్ నిఘా సంస్థ ప్రకటించి, దేశంలోకి అడుగు పెట్టనివ్వకుండా వెనక్కి పంపింది. బ్రెజిల్‌లో దొంగ పత్రాల నేరం కింద జైలుపాలయ్యాడు. డచ్ సంస్థ అంతటితో ఆగకుండా, అతను బట్టీపట్టిన కట్టుకథ కాగితాలను కూడా బయటపెట్టింది. నాలుగు పేజీలు. ఈ వృత్తిలో దాన్ని లెజెండ్ అంటారు.

అందులో ఏముందో చూడండి. చిన్నప్పుడు రేవు దగ్గర ఉండటం వల్ల చేపల వాసన పడేది కాదట. చూడటానికి విదేశీయుడిలా ఉన్నాడని బడిలో తోటిపిల్లలు ఏడిపించేవాళ్లట, అందుకే స్నేహితులు పెద్దగా లేరట. బ్రెసీలియా నగరంలో ఫలానా చోట గింజల కూర బాగుంటుందట. మన ఢిల్లీలో ఫలానా హోటల్లో రాజ్మా బాగుంటుందని చెప్పుకున్నట్టే. దేశ రహస్యాలు మోయబోయే మనిషి చేత ఇవన్నీ ఎందుకు బట్టీ పట్టించారు? పుట్టినతేదీ, చదువు, ఉద్యోగం కాగితం మీద ఉంటాయి. వాటిని ఎవరూ నోటితో అడగరు. మనిషిని మనిషి నమ్మేది చిరుతిండి దగ్గర, చిన్ననాటి కబుర్ల దగ్గర. తినని వస్తువుకు ఒక కారణం ఉండాలి, లేని స్నేహితులకు ఒక కారణం ఉండాలి. ఆ నాలుగు పేజీల్లో చాలాభాగం ఉన్నవాటిని చెప్పడం కంటే లేనివాటికి సంజాయిషీ చెప్పడానికే రాశారని నాకు అనిపిస్తుంది. అత్త ఎందుకు లేదు, పెళ్లిఫొటో ఎందుకు లేదు, పాత నేస్తం ఒక్కడైనా ఎందుకు ఫోను చేయడు?

ఈ పరీక్ష మన తెలుగువాళ్ల దగ్గర మరీ కఠినం. ఒక పెళ్లి పందిట్లో పరిచయంలేని పెద్దాయన పక్కన కూర్చుని చూడండి. "ఏ ఊరు బాబూ మనది?" అంటాడు. ఊరు చెప్పగానే, "ఇంటిపేరు?" అంటాడు. అదీ చెబితే, "అయితే ఫలానావాళ్లు మీకేమవుతారు? మీ మేనమామలది ఏ ఊరు?" అంటాడు. అయిదు నిమిషాల్లో మూడు తరాలు బయటికి లాగుతాడు, అదీ ఎంతో ప్రేమగా. ఏ నిఘా సంస్థ శిక్షణ ఇచ్చినా, ఆ పెద్దాయన ముందు నిలబడగల పరాయివాడు ఉంటాడని నేననుకోను. ప్రతి సమాజంలోనూ ఇలాంటి పెద్దాయనలు ఉంటారు. గూఢచారి పోలీసుల కంటే వాళ్లకే ఎక్కువ భయపడాలి.

భాష సంగతి తెనాలి రామకృష్ణుడి కథ ఎప్పుడో చెప్పింది. రాయలవారి సభకు వచ్చిన బహుభాషా పండితుడి మాతృభాష ఏమిటో ఎవరూ చెప్పలేకపోయారు. చీకట్లో ఎదురుపడి గట్టిగా ఢీకొంటే, నొప్పికి ఆయన నోటివెంట తల్లి నేర్పిన మాట వచ్చేసింది. ఒంటరిగా పరాయి దేశంలో ఉన్న మనిషికి ఆ చీకటి ప్రతిరాత్రీ ఉంటుంది. జ్వరం వచ్చినప్పుడు కలవరింత ఏ భాషలో? మత్తుమందు ఇచ్చి ఆపరేషన్ చేస్తే ఏం మాట్లాడతాడు? లెక్క పెట్టుకునేది ఏ భాషలో? కొన్నేళ్లపాటు ఒక్కసారి కూడా ఒళ్లు మరచిపోకుండా బతకాలి.

ఇక మన దేశం సంగతికి వస్తాను. రవీంద్ర కౌశిక్ పేరు మీలో కొందరు విని ఉంటారు. రాజస్థాన్‌లో పాకిస్తాన్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న శ్రీగంగానగర్ పట్టణంలో 1952లో పుట్టాడు. కాలేజీ రోజుల్లో నాటకాలు బాగా వేసేవాడు. అతని కుటుంబం, అప్పటి సంగతులు తెలిసిన కొందరు పత్రికలకు చెప్పిన వివరాలే నేను చెబుతున్నాను. ప్రభుత్వం అతన్ని తన మనిషిగా ఏనాడూ బాహాటంగా ఒప్పుకోలేదు. నాటకంలో అతని నటన చూసి నిఘావాళ్లు పిలిచారు. 1968 సెప్టెంబరులో పుట్టిన మన విదేశీ గూఢచార సంస్థ 'రా' అప్పటికింకా పసిది. ఢిల్లీలో రెండేళ్లపాటు తర్ఫీదు ఇచ్చారు. ఉర్దూ నేర్పారు, ఇస్లాం మత గ్రంథాలు చదివించారు, పాకిస్తాన్ ఊళ్లూ దారులూ పాఠంలా వల్లె వేయించారు, సున్తీ చేయించారు. పంజాబీ అతనికి ముందే వచ్చు. 1975లో, ఇరవై మూడేళ్ల వయసులో, నబీ అహ్మద్ షాకిర్ అనే పేరుతో అవతలికి వెళ్లాడు.

అక్కడ కరాచీ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, పాకిస్తాన్ సైన్యపు లెక్కల విభాగంలో ఉద్యోగం సంపాదించాడు. పెళ్లి చేసుకున్నాడు. ఈ కథ చెప్పేవాళ్లందరూ అతను పంపిన సమాచారం దగ్గర ఆగుతారు. నేను ఇంకోచోట ఆగుతాను. శ్రీగంగానగర్‌లోని ఇంట్లోవాళ్లకు అతను చెప్పిందేమిటి? దుబాయ్‌లో ఉద్యోగమని. కరీంనగర్‌లో, కడపలో, గోదావరి జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో తల్లులు కొడుకు దుబాయ్‌లో ఉన్నాడని చెప్పుకుంటారో మనకు తెలుసు. ఆ తల్లీ అలాగే ఇరుగుపొరుగుతో చెప్పుకుని ఉంటుంది. అంటే అతను రెండు వైపులా నటించాడు. భార్యకు నబీ అహ్మద్, తల్లికి దుబాయ్ ఉద్యోగి. తనెవరో తెలిసిన ఒక్క మనిషి దగ్గర కూర్చుని మనసారా మాట్లాడుకోవడానికి ఈ భూమ్మీద అతనికి చోటే లేదు. మారువేషంలో కష్టం అంటే నా దృష్టిలో ఇదే. పట్టుబడతామన్న భయానికి మనిషి అలవాటు పడతాడేమో. తన పేరుతో తనను పిలిచేవాళ్లు లేకపోవడానికి అలవాటు పడటం నా ఊహకు అందదు.

అతను తన తప్పు వల్ల దొరికిపోలేదు. ఎనిమిదేళ్లు ఒక్క పొరపాటూ చేయలేదు. 1983లో అతన్ని కలవడానికి ఇటునుంచి పంపిన మరో మనిషి అవతల పట్టుబడి నోరు విప్పాడు. ఈ వృత్తిలో మరో దయలేని నిజం అది. కట్టుకథ ఎంత గట్టిదైనా, దాన్ని కనీసం ఇద్దరు ముగ్గురు మోయాలి. కబురు తెచ్చేవాడు, డబ్బు అందించేవాడు, కాగితాలు చేసినవాడు. వాళ్లలో ఎవరు జారినా పడిపోయేది నడుమ నిలబడ్డవాడే. 1985లో మరణశిక్ష వేశారు, తర్వాత యావజ్జీవంగా మార్చారు. సియాల్‌కోట్, కోట్ లఖ్‌పత్, మియాన్‌వాలీ జైళ్లలో పద్దెనిమిదేళ్లు గడిచాయి. క్షయ, గుండెజబ్బు పట్టి పీడించాయి. దొంగచాటుగా ఇంటికి ఉత్తరాలు రాశాడు. తల్లి ప్రభుత్వానికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. 2001 నవంబరులో జైల్లోనే పోయాడు.

మరి ఆ పెళ్లాడిన అమ్మాయి? నబీ అహ్మద్ అనే మనిషి అసలు లేడని తెలిసిన రోజు ఆమెకు ఎలా గడిచి ఉంటుంది? ఈ కథ రాసినవాళ్లు ఆమె గురించి ఒక వాక్యంతో సరిపెడతారు. ఆమె ఏ కాగితం మీదా సంతకం చేయలేదు, ఏ దేశం తరఫునా పనిచేయలేదు.

ఇక ఇలాంటి గూఢచారుల పిల్లల మాట వస్తే, రష్యాకూ పాశ్చాత్య దేశాలకూ మధ్య 2024 ఆగస్టు 1న జరిగిన ఖైదీల మార్పిడి గుర్తొస్తుంది. స్లొవేనియా రాజధాని ల్యుబ్ల్యానాలో అర్జెంటీనా నుంచి వచ్చిన దంపతులుగా ఒక జంట ఏళ్లపాటు కాపురం ఉంది. ఆమె ఆన్‌లైన్‌లో చిత్రకళా ప్రదర్శనశాల నడిపేది. వాళ్లు రష్యా గూఢచారులు, దుల్త్సెవ్ దంపతులని తేలి 2022 డిసెంబరులో అరెస్టయ్యారు. మార్పిడిలో భాగంగా మాస్కో చేరారు. తాము రష్యన్లమని వాళ్ల ఇద్దరు పిల్లలకూ తెలిసింది ఆ విమానంలోనేనని రష్యా ప్రభుత్వ ప్రతినిధే చెప్పాడు. దిగగానే పుతిన్ ఆ పిల్లల్ని స్పానిష్‌లో పలకరించాడు, వాళ్లకు రష్యన్ రాదు కనుక. ఆ దృశ్యం చూసి మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం అది క్రూరంగా కనిపించింది. పెద్దవాళ్లు తమ జీవితాన్ని దేశానికి ఇచ్చుకోవచ్చు. పిల్లల బాల్యాన్ని మారువేషంలో భాగం చేసే హక్కు ఏ దేశానికీ లేదు.

ఇప్పుడు కాలం మారింది. ఈస్ట్ బ్లాకుల దగ్గరికి మళ్లీ వెళదాం. వేలిముద్రల కార్యాలయం ప్రపంచంలో మొదట తెరిచింది మన కలకత్తాలోనే, 1897లో. అప్పట్లో ఒక ముద్రను పోల్చడానికి గుమాస్తా బీరువాలోని కార్డులు ఒక్కొక్కటే తిరగేయాలి. ఈనాడు విమానాశ్రయంలో వేలు పెట్టిన కొద్ది క్షణాల్లో యంత్రం జవాబు చెబుతుంది. ఒకసారి ఒక పేరుతో సరిహద్దు దాటినవాడు మరో పేరుతో మళ్లీ దాటలేడు, ఎందుకంటే పేరు మారుతుంది కానీ వేలు మారదు, కనుపాప మారదు. 2010 జనవరిలో దుబాయ్ హోటల్లో హమాస్ నాయకుడు మహమూద్ అల్ మబ్హూ హత్య జరిగినప్పుడు, దొంగ పాస్‌పోర్టులతో వచ్చిన బృందం కదలికలను అక్కడి పోలీసులు కెమెరా దృశ్యాలన్నీ అతికించి లోకానికి చూపించారు. విమానం దిగడం, విగ్గు మార్చుకోవడం, లిఫ్టు ఎక్కడం, అన్నీ. ఆ పాస్‌పోర్టుల మీది పేర్లలో కొన్ని బతికున్న మనుషులవి. తమ పేరు హత్యకేసులో ఉందని వాళ్లు వార్తల ద్వారా తెలుసుకున్నారు.

పైగా ఇప్పుడు గతం లేకపోవడమే పెద్ద అనుమానం. ముప్పయ్యేళ్ల మనిషికి బడి ఫొటో లేదు, పాత ఫేస్‌బుక్ పేజీ లేదు, పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పినవాళ్లు లేరు అంటే ఎవరు నమ్ముతారు? పదేళ్ల ముందే విత్తనం వేసి గతాన్ని పెంచుకుంటూ రావాలి.

అందుకే ఈ పని చాలావరకు మరో దారి పట్టింది, ఆ దారి మన గడపలోకే వచ్చింది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ నిఘా విభాగం 'డాల్ఫిన్స్ నోస్' పేరుతో ఒక ఆపరేషన్ చేసి, విశాఖపట్నం కేసులో ఏడుగురు నౌకాదళ సిబ్బందిని, ఒక హవాలా వ్యాపారిని అరెస్టు చేసింది. ఫేస్‌బుక్‌లో ఆడవాళ్ల పేర్లతో పరిచయమై, ఆ కుర్రాళ్లను వలలో వేసుకుని, ఓడల రాకపోకల వివరాలు రాబట్టారన్నది అభియోగం. 2022 జూన్‌లో హైదరాబాద్‌లో రక్షణ పరిశోధనకు సంబంధించిన కాంట్రాక్టు ఉద్యోగిని రాచకొండ పోలీసులు అరెస్టు చేశారు. అతనితో మాటలు కలిపిన ఖాతా పేరు నటాషా రావు. బ్రిటన్‌లో రక్షణ పత్రికలో పని, తండ్రి ఒకప్పుడు భారత వైమానిక దళంలో చేశారు అని చెప్పుకుందట. ఆ 'రావు' ఎంత ఆలోచించి పెట్టిన పేరో గమనించండి. మన కుర్రాడికి దూరం అనిపించకూడదు, మరీ దగ్గరా అనిపించకూడదు.

ఆ పేరు వెనక కూర్చున్నవాడికి భాష మరచిపోవాల్సిన పని లేదు. రాత్రి తన ఇంట్లో, తన పేరుతో, తన పిల్లల మధ్య నిద్రపోతాడు. కష్టమంతా ఇటువైపు నమ్మినవాడి నెత్తిన పడుతుంది. సాయంత్రాలు ఊసుపోని ఉద్యోగాల్లో, ఇంటికి దూరంగా ఉన్న మన పిల్లలకు ఈ సంగతి మళ్లీ మళ్లీ చెప్పాలి. దేశద్రోహం చేయాలని ఎవడూ మొదలుపెట్టడు. మెచ్చుకునే ఒక గొంతు కోసం మొదలవుతుంది.

సరిహద్దు దాటి వెళ్లి తిరిగొచ్చినవాళ్ల మాట ఒకటి మిగిలింది, నేను అసలు చెప్పదలచుకున్నది అదే. 2008 మార్చిలో కశ్మీర్ సింగ్ అనే పంజాబీ పాకిస్తాన్‌లో ముప్పై అయిదేళ్ల జైలు తర్వాత వాఘా దాటి వచ్చాడు. అక్కడ అతని పేరు ఇబ్రహీం. తాను గూఢచర్యానికే వెళ్లానని ఇటు వచ్చాక చెప్పాడు. 2012 జూన్‌లో సుర్జీత్ సింగ్ మూడు దశాబ్దాలు దాటిన జైలు నుంచి వచ్చాడు. తానూ ఆ పని మీదే వెళ్లానని, తన్నెవరూ పట్టించుకోలేదని సరిహద్దు దగ్గరే చెప్పుకున్నాడు. రాజస్థాన్‌కు చెందిన ఒక తపాలా ఉద్యోగిది మరీ బాధాకరమైన సంగతి. నిఘావాళ్లు పాకిస్తాన్ పంపితే 1976లో పట్టుబడి ఏళ్లతరబడి జైల్లో మగ్గానని అతను అంటాడు. ఇక్కడేమో, సెలవు పెట్టకుండా విధులకు రావడం లేదని 1980లో ఉద్యోగంలోంచి తీసేశారు. తిరిగొచ్చి ఆఫీసుల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగాడు. ఇతనితో మాకేమీ సంబంధం లేదని ప్రభుత్వం వాదించింది. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అతనికి 10 లక్షల రూపాయలు ఇవ్వమంది. అప్పటికి అతనికి డెబ్బై అయిదేళ్లు.

పట్టుబడిన రోజున ప్రభుత్వం మా మనిషి కాదనడం నాకు అర్థమవుతుంది. ఒప్పుకుంటే ఆ మనిషికీ మిగతావాళ్లకూ ప్రమాదం. పద్ధతి ప్రపంచమంతటా అదే. కానీ నోటితో కాదనడం వేరు, అతని తల్లికి నెలనెలా మందులకు డబ్బు పంపకపోవడం వేరు. మొదటిది రాజ్యపు అవసరం. రెండోదానికి ఏ అవసరమూ లేదు. నిఘా సంస్థల పనినీ అధికారాలనూ నిర్దేశిస్తూ పార్లమెంటు చేసిన చట్టం మన దేశంలో ఈనాటికీ లేదు. 2011లో లోక్‌సభలో మనీష్ తివారీ ప్రైవేటు సభ్యుడి బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. మళ్లీ అలాంటి బిల్లు వచ్చినప్పుడు అందులో ఒక సెక్షను చేర్చమని నా విన్నపం. మారుపేరు ఇచ్చి పంపే ప్రతి మనిషికీ అసలు పేరుతో ఒక సీలు వేసిన కాగితం ఉండాలి. అది హైకోర్టు న్యాయమూర్తి దగ్గర భద్రంగా ఉండాలి. అతను రానినాడు అతని తల్లి, భార్య, పిల్లలు వకీలును పెట్టుకోనక్కర్లేకుండా ఆ కాగితమే వాళ్ల తరఫున మాట్లాడాలి. పింఛను ఏ శాఖ పేరుతో ఇస్తారన్నది వాళ్లిష్టం, తపాలా శాఖ అన్నా సరే, లెక్కల శాఖ అన్నా సరే.